బూడిద రంగు టాప్

అనురాధ కాన్పుకని ఉదయగిరిలోని పుట్టింటికి వచ్చి నాలుగు నెలలు దాటింది. బిడ్డ పోయి మూడు నెలలైంది. ఏప్రిల్ చివర్లో, నెలలు నిండబోతుండగా, ఒక పొద్దున కడుపులో కదలిక తెలియక ఆసుపత్రికి పోతే అప్పటికే అయిపోయిందన్నారు. ఆపరేషన్ చేసి తీశారు. మగబిడ్డ. ఆమెకు మత్తు దిగి మనుషుల్ని గుర్తుపట్టేసరికి భర్త సురేంద్రబాబు, తండ్రి వరదయ్య కలిసి బిడ్డను ఉదయగిరికి తెచ్చి, కొండవైపున్న క్రైస్తవుల సమాధుల దొడ్లో పూడ్చి వచ్చేశారు. ఆమె బిడ్డను చూడలేదు. చూపించమని అడగనూ లేదు.

ఆమె ఏడవలేదు. ఆ సంగతి ఇంట్లోవాళ్ళనే కాదు, వీధిలోవాళ్ళను కూడా భయపెట్టింది. పాస్టరమ్మ వచ్చి ప్రార్థన చేసి, ఆమె వీపు మీద చెయ్యి వేసి, “ఏడ్చేయమ్మా, లోపల పెట్టుకోబాక” అంది. అనురాధ సరేనన్నట్టు తల ఊపింది. కానీ లోపల ఏమన్నా ఉంటే కదా బయటికి రావడానికి. పళ్ళ డాక్టరు సూది వేసిన చెంప ఎట్లా ఉంటుందో, మనిషంతా అట్లా ఉంది. ఒకరోజు వేడి టీ గ్లాసు పట్టుకుని కూర్చుంటే, వేళ్ళు ఎర్రబడినాయని తల్లి ఓబమ్మ చూసి లాక్కుంది గాని ఆమెకు తెలియలేదు.

జూలైలో ఒక బుధవారం, ఆత్మకూరు నుంచి గురుస్వామి ఫోన్ చేశాడు. ఆయనకు అక్కడ రక్తపరీక్షల ల్యాబ్ ఉంది. పెళ్ళైనప్పటి నుంచి అనురాధ ఆ ల్యాబ్ కౌంటర్లోనే పని చేస్తోంది.

“అమ్మా, ఈడ కొత్తగా పెట్టుకున్న పిల్ల పేర్లన్నీ తప్పులు కొడతా ఉండాది. నీకు ఓపికుంటే సోమవారం నుంచి రామ్మా. లేదంటే ఇంకో నెల పోయినాకైనా సరే” అన్నాడు.

“వస్తాను సార్” అంది అనురాధ. రానని చెబితే కారణం చెప్పాలి. వస్తానంటే అక్కడితో మాట అయిపోతుంది.

పోవాలంటే బట్టలు కావాలి. మూడు నెలలుగా నాలుగు నైటీలు మార్చి మార్చి వేసుకుంటోంది. సంచిలోంచి పాత టాపులు తీసి వేసుకుని చూస్తే ఒక్కటీ ఛాతీ కిందికి దిగలేదు. జాకెట్లూ అంతే. “బజారులో రెండు తెచ్చుకుందాం పా” అంది ఓబమ్మ. అనురాధ మాట్లాడకుండా ఫోన్ తీసి ఒక బొమ్మ చూపించింది.

ఏడో నెలలో ఉన్నప్పుడు దాచుకున్న బొమ్మ అది. ఎవరో హైదరాబాదు డిజైనర్ చేసిన ట్యూనిక్ టాప్. బూడిద రంగు నూలు బట్ట, నిలబడిన చిన్న కాలరు, మెడ కింది నుంచి పొట్ట దాకా దారంలాంటి సన్నటి టక్కులు, అక్కడి నుంచి వదులుగా మోకాళ్ళ దాకా జారే ఘేరా. వెనక పొడుగు, ముందు పొట్టి. ఖరీదు ఎనిమిది వేల తొమ్మిది వందలు. కాన్పయ్యాక లావెక్కినా బాగుంటుందని అప్పట్లో మనసుపడింది. ఇప్పుడు ఆ మనసు లేదు. అయితే ఆ టక్కుల్ని ఎంతసేపైనా చూస్తూ కూర్చోవచ్చు. చూస్తున్నంతసేపూ ఇంకేదీ చూడాల్సిన పని లేదు.

“ఇది కుట్టుకుంటా” అంది.

ఇంటర్ అయిన ఏడాది చర్చి ఆవరణలో ఆనందమ్మ టీచరు దగ్గర మూడు నెలలు కుట్టు నేర్చుకుంది అనురాధ. అప్పుడు కొన్న మిషను ఇంకా వసారాలో ఉంది. ఓబమ్మ దాని మీద దిండు గలీబులు తప్ప వేరేది కుట్టలేదు. కూతురు నోరు తెరిచి నాకిది కావాలని అనడం ఏప్రిల్ తరవాత ఇదే మొదలు కాబట్టి ఓబమ్మ ఇంకో మాట మాట్లాడకుండా మిషను తుడిచి నూనె పోసింది.

బట్టకు బజారులోని రేణుకాదేవి మ్యాచింగ్ సెంటర్‌కు అనురాధ ఒక్కతే పోయింది. రేణుకాదేవి ఆమెను చివరిసారి చూసింది ఉగాదికి ముందు, నిండు కడుపుతో. బూడిద రంగు కాటన్ రెండున్నర మీటర్లు కోసి, గుండీలు, దారం ఉండ పెట్టి, మురిపెంగా నవ్వింది.

“పాలిచ్చే తల్లివి, ముందర రెండు జిప్పులు పెట్టుకో. ఇప్పుడందరూ అట్నే కుట్టించుకుంటా ఉండారు. టక్కుల కింద కనపడవు కూడా.”

చెప్పాలి. చెబితే అయ్యో అంటుంది. ఎట్టా జరిగిందంటుంది. ముందే ఎందుకు చూపించుకోలేదంటుంది. పక్కన జాకెట్టు గుడ్డ చూస్తున్న ఇద్దరు ఆడవాళ్ళు కూడా తిరిగి చూస్తారు.

“ఇవ్వండి” అంది అనురాధ.

ఇంటికి వచ్చి మంచం మీద పొట్లం విప్పితే గుండీల పక్కన బూడిద రంగు జిప్పులు రెండు పడ్డాయి. ఓబమ్మ వాటిని చేతిలోకి తీసుకుంది.

“ఇవెందుకే?”

“ఆమె పెట్టుకోమనింది.”

ఓబమ్మకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. అర్థమయ్యాక జిప్పుల్ని కొంగులో మూట కట్టుకుని వంటింట్లోకి పోయింది. లోపలి నుంచి ఎక్కిళ్ళు వినపడుతుంటే అనురాధ బకెట్‌లో నీళ్ళు పట్టి బట్టను నానేసింది. కాటన్‌ను కోసే ముందు తడపకపోతే ఉతికాక కురచ అవుతుందని ఆనందమ్మ టీచరు పదేపదే చెప్పేది. బట్ట మునిగేదాకా చేత్తో అదిమి పట్టుకుని, నీళ్ళ మీదికి లేచే బుడగల్ని చూస్తూ నిలబడింది.

మర్నాడు ఓబమ్మ టేపు పట్టి కొలతలు తీసింది. భుజం, చెయ్యి, నడుము. ఛాతీ దగ్గరికి వచ్చేసరికి టేపు రెండు కొసల్నీ కలపలేక ఆమె చేతులు ఆగిపోయాయి. మేలో ఆ ఛాతీకే ఆమె పది రోజులు మల్లెపూలు కట్టింది. పాలు ఇంకిపోవాలని మూరలు మూరలు తెప్పించి, గుడ్డలో పరిచి, బిగించి కట్టేది. వాడిన పూలు తీసేటప్పుడు గుడ్డ తడిసి ఉండేది. ఇల్లంతా పెళ్ళిల్లులాగా వాసన కొడుతుంటే వరదయ్య తట్టుకోలేక అరుగు మీదికి పోయి పడుకునేవాడు. అనురాధకు ఆ వాసన తగిలిందో లేదో ఎవరికీ తెలియదు.

“ఎంత వచ్చిందమ్మా?” అనురాధ అడిగింది.

“ముప్పై తొమ్మిది.”

“నలభై రాసుకుందాం. వదులు కావాల.”

పాత పేపర్లు అతికించి, వాటి మీద టాప్ ఆకారం గీసింది. ఫోన్లో బొమ్మను పెద్దది చేసి కుట్లు ఎక్కడెక్కడ ఉన్నాయో చూసుకుంది. చంక వంపు మూడుసార్లు చెరిపి గీసింది. పేపర్ ముక్కల్ని బట్ట మీద పరిచి, సుద్దతో గీసి, కత్తెర పట్టింది. బట్ట కోస్తుంటే వచ్చే చప్పుడు చెవులకు హాయిగా ఉందని అనుకుంది. అట్లా అనుకున్నందుకు తనకే వింతగా తోచి ఒక క్షణం ఆగింది.

టక్కులకు ఒక రోజంతా పట్టింది. అటు ఎనిమిది, ఇటు ఎనిమిది. ఒక్కొక్కటీ ఇస్త్రీతో మడత పెట్టి, అంచు పట్టుకుని, మిషను చక్రం చేత్తో తిప్పుతూ కుట్టింది. ఒకసారి సూది వేలి చివర దిగింది. బట్ట మీద ఎర్ర చుక్క కనపడితే, నెత్తుటి మరకకు చన్నీళ్ళే పోయాలని గుర్తు చేసుకుని లేచి పోయి కడిగింది. వేలి సంగతి ఓబమ్మ చూసి అరిచేదాకా గుర్తు లేదు.

శుక్రవారం సాయంత్రం ముందు ముక్కను, వెనక ముక్కను కలిపి పట్టుకుంటే తప్పు బయటపడింది. ముందు భాగం నాలుగంగుళాలు తక్కువొచ్చింది. టక్కులు వేసి కోయాల్సిన బట్టను, కోసి టక్కులు వేసింది. పదహారు మడతలూ కలిసి నాలుగంగుళాలు తినేశాయి. మిగిలిన బట్ట చేతులకే సరిపోతుంది.

ఆమెకు కోపం రాలేదు. పక్కల్లో రెండేసి అంగుళాలు వేరే బట్ట పట్టీలు వేస్తే సరిపోతుందని లెక్క చూసుకుంది. బూడిద రంగు పక్కన ఏది నప్పుతుంది? తెల్ల చుక్కల నీలం చున్నీ ఒకటి ఉండాలి. మెత్తటిది. ఆసుపత్రికి పోయేటప్పుడు కప్పుకుని పోయింది.

“అమ్మా, నా నీలం చున్నీ యాడుండాది?”

ఓబమ్మ చేటలో బియ్యం ఏరుతోంది. తల ఎత్తలేదు. “ఏమో, ఆత్మకూరులో ఉండాదేమో.”

“ఆస్పత్రికి తెచ్చుకున్నా కదా.”

అరుగు మీద కూర్చున్న వరదయ్య లేచి, చెప్పులు వేసుకుని, ఎక్కడికో చెప్పకుండా వీధిలోకి పోయాడు. అనురాధ ఆత్మకూరుకు ఫోన్ చేసింది. సురేంద్రబాబు అక్కడ ఎరువుల కొట్లో పని చేస్తాడు, శనివారం శనివారం వచ్చి ఆదివారం పోతుంటాడు. ఆమెకు వరసకు బావ.

“బావా, నా నీలం చున్నీ ఇంట్లో ఉందేమో చూసి రేపు తీసుకురా.”

అవతల నుంచి లారీ హారన్ ఒకటి వినపడింది.

“రేపు వస్తా కదా అనూ. అప్పుడు చెప్తా.”

శనివారం మధ్యాహ్నం ఆయన వచ్చాడు. బండి నీడకు పెట్టి, ముఖం కడుక్కుని, వసారాలో మిషను పక్కనున్న పీట మీద కూర్చున్నాడు. ఓబమ్మ మంచినీళ్ళిచ్చి లోపలికి పోయింది గాని తలుపు చాటునే నిలబడిందని ఇద్దరికీ తెలుసు.

“చున్నీ లేదు అనూ” అన్నాడు సురేంద్రబాబు.

“పోయిందా?”

“పోలా.” ఖాళీ చెంబును అటూ ఇటూ తిప్పాడు. “వాడిని దాన్లో చుట్టినా.”

అనురాధ మిషను మీద చేతులు పెట్టుకుని వింటోంది.

“ఆస్పత్రిలో ఇచ్చిన గుడ్డ గరుగ్గా ఉండింది. వాడి చర్మం చూస్తే దాంట్లో పెట్టబుద్ధి కాలా. నీ సంచిలో చెయ్యి పెడితే అది తగిలింది. మెత్తగా ఉండింది. మామ వద్దన్నాడు, రేపు అడగతాది రా అన్నాడు. నేనే వినలా.”

“మొఖం కూడా కప్పేసినావా?”

“దారి పొడుగునా కప్పలా. ఆడ, చివర్లో కప్పినా.”

దొడ్లో కోడి ఒకటి అరిచి ఊరుకుంది. అనురాధ అడిగింది, “ఎట్టా ఉండినాడు?”

మూడు నెలలుగా ఈ మాట ఆయన్ని ఎవరూ అడగలేదు. ఆయన చెంబు కింద పెట్టి రెండు చేతులూ ఎడంగా చాపాడు. ఆ చేతుల మధ్య దూరాన్ని ఒకటి రెండుసార్లు సరిచేసుకున్నాడు. “ఇంత. జుట్టు చానా ఉండింది. నొసటి మీద దాకా, నీ మాదిరే. కళ్ళు మూసుకోనుండినాడు. నిద్రపోతా ఉన్నట్టే ఉండినాడు అనూ, నేను రెండుసార్లు చెవి పెట్టి చూసినా.”

లోపల ఏదో తెగుతుందని అనురాధ ఎదురుచూసింది. తెగలేదు. పక్కింటివాళ్ళ సంగతి ఎవరో చెబుతుంటే విన్నట్టుంది. కాకపోతే ఇంతదాకా బిడ్డ అంటే ఒట్టి మాట. ఇప్పుడు ఆ మాటకు జుట్టు వచ్చింది. నొసటి దాకా జుట్టు. దాన్ని ఏం చేసుకోవాలో ఆమెకు తెలియలేదు. కోసిన బట్ట ముక్క ఒకటి తీసి ఆయన చేతిలో పెట్టింది.

“సరే. అయితే ఈ రంగుదే అరమీటరు కావాల. బజారుకు పోయి తెస్తావా?”

ఆయన చేతికి పని దొరికినందుకు గబుక్కున లేచాడు. అరగంటలో పొట్లంతో వచ్చాడు. విప్పితే వంకాయ రంగు బట్ట. ఇద్దరూ దాన్ని చూశారు. ఆయన జేబు తడుముకుంటే బూడిద రంగు ముక్క జేబులోనే ఉంది.

“చూపించడం మర్చిపోయినా” అన్నాడు. “ఆమె ఏ రంగు అంటే నోటికొచ్చింది చెప్పినట్టుండా. మార్చుకోనొస్తా ఉండు.”

“వద్దులే. ఇదే వేస్తా.”

చీకటి పడేలోగా పట్టీలు రెండూ కోసి, చంక నుంచి కింది అంచు దాకా అతికించింది. ఆమె కుట్టిన కుట్టు కుట్టునూ ఆయన పక్కన కూర్చుని ఇస్త్రీ చేశాడు. మొదటిది ఎండ్రకాయలాగా వంకర పోయింది. తడి గుడ్డ వేసి చెయ్యమంది. రెండోది బాగా వచ్చింది. చున్నీ మాట ఇద్దరూ మళ్ళీ ఎత్తలేదు. ఆదివారం చర్చి నుంచి వచ్చాక ఓబమ్మ కళ్ళద్దాలు పెట్టుకుని చేత్తో కాజాలు కుట్టి, గుండీలు పెట్టింది. అనురాధ వేసుకుని అద్దం ముందు నిలబడింది. కాలరు ఒక పక్క కొంచెం లేచింది. వెనక పొడుగు అనుకున్నదానికంటే ఎక్కువైంది. బొమ్మలోని టాప్ కాదది. అయినా ఛాతీ మీద పట్టలేదు, పొట్ట మీద పట్టలేదు, చేతులు ఎత్తితే పైకి లేవలేదు. అద్దంలో ఉన్నది తనేనని గుర్తుపట్టింది.

“బాగుండాది” అన్నాడు వరదయ్య, గుమ్మంలోనే నిలబడి. ఆయన కూతురితో నేరుగా మాట్లాడింది ఆ వారంలో అదొక్కటే మాట.

ఆ సాయంత్రమే అనురాధ సురేంద్రబాబుతో ఆత్మకూరు ఇంటికి చేరింది. సోమవారం పొద్దున ల్యాబ్‌లో గురుస్వామి ఆమెను చూసి “రామ్మా” అని, వెంటనే ప్రింటర్ వైపు తిరిగి కాగితాలు సర్దడం మొదలుపెట్టాడు. రక్తం తీసే పిల్ల అశ్విత దగ్గరికి వచ్చింది. ఏం మాట్లాడాలో తెలియక కళ్ళు అటూ ఇటూ తిప్పి, చివరికి టాప్‌ను పట్టుకుంది.

“అక్కా, ఇది ఆన్‌లైన్‌లోదా? డిజైనర్ పీస్ మాదిరి ఉండాది. ఆ పక్కన వేరే రంగు పెట్టినారు చూడు, అది భలే ఉండాది.”

“ఇంట్లో కుట్టుకున్నా.”

“ఒట్టు?” అశ్విత వంగి టక్కుల మీద వేలు రాసింది. “ఇన్ని ఎట్టా వేసినావక్కా, చెయ్యి నొప్పి పుట్టలా?”

“తెలీలా” అంది అనురాధ. అది నిజమే.

పది గంటలకు కౌంటర్ ముందు జనం పెరిగారు. పేరు, వయసు, ఊరు, ఏ పరీక్ష. వేళ్ళు వాటంతటవే కీబోర్డు మీద కొట్టుకుంటూ పోతున్నాయి. చేజర్ల నుంచి ఒక పెద్దావిడ కోడల్ని తీసుకుని వచ్చింది. కోడలికి ఏడో నెల. పెద్దావిడ చీటీ ఇవ్వబోయి అనురాధ ముఖంలోకి తేరిపార చూసింది.

“నువ్వు మా పెద్దకోడలప్పుడు ఈడనే ఉండినావు కదమ్మా. నీకూ కడుపుండె. కాన్పయిందా? ఏం బిడ్డ?”

వెనక ప్రింటర్ దగ్గర గురుస్వామి చేతులు ఆగాయి. అశ్విత గది తలుపులో నిలబడిపోయింది. ‘ఇవ్వండి’ అని జిప్పులు కొనుక్కున్నట్టు ఇక్కడ కూడా ఏదో ఒకటి అనేసి తప్పించుకోవచ్చు. బాగుండాడు అంటే సరిపోతుంది. కానీ బాగుండాడు అంటే, నొసటి దాకా జుట్టున్న ఆ పిల్లవాడు కాకుండా ఇంకెవరో అయిపోతాడు.

“మగబిడ్డ” అంది అనురాధ. “పోయినాడు. కడుపులోనే.”

ఆ మాట ఆమె నోటితో అనడం అదే మొదటిసారి. పేరూ వయసూ చదివినట్టే వచ్చింది. పెద్దావిడ “అయ్యో నా తల్లీ” అని కౌంటర్ మీంచి చెయ్యి చాచి ఆమె మణికట్టు పట్టుకుంది. ఆ చెయ్యి గరుకుగా, వెచ్చగా ఉంది. వెచ్చగా ఉన్నట్టు తెలిసింది. ఏడో నెల పిల్ల మాత్రం తన పొట్ట మీద చెయ్యి పెట్టుకుని ఒక అడుగు వెనక్కి వేసింది. అనురాధ అది చూసింది. తప్పు పట్టాలనిపించలేదు.

“కూర్చోమ్మా, నిలబడబాక” అంది ఆ పిల్లతో. “నీ పేరు చెప్పు.”

పిల్ల పేరు చెప్పింది. అనురాధ తప్పు లేకుండా కొట్టి, చీటీ తీసి ఇచ్చింది.

సాయంత్రం ఆరింటికి ఆత్మకూరు ఇంట్లో ఆమె అన్నం వండుతుంటే సురేంద్రబాబు కొట్టు నుంచి వచ్చాడు. వంటింటి గడప మీద కూర్చున్నాడు. చొక్కా నిండా ఎరువుల వాసన.

“ఎట్టా ఉండింది ఈ పొద్దు?”

“బాగనే ఉండింది. ఒకామె అడిగింది. ఏం బిడ్డ అని.”

ఆయన తల ఎత్తాడు. “ఏం చెప్పినావు?”

“మగబిడ్డ, పోయినాడు అని చెప్పినా.”

ఆయన ఆమెను కాసేపు చూశాడు. మోకాళ్ళ మీదికి వంగి, రెండు చేతుల్లో ముఖం పెట్టుకుని, చిన్నపిల్లాడిలాగా గట్టిగా ఏడ్చాడు. ఆపరేషన్ రోజు నుంచి డాక్టర్లతో మాట్లాడిందీ, బిడ్డను మోసిందీ, మన్ను వేసిందీ ఆయనే. ఏడుస్తుంటే ఎవరూ చూడలేదు. అనురాధ కూడా చూడలేదు. ఇప్పుడు చూస్తోంది.

ఆమెకు ఏడుపు రాలేదు. వస్తుందేమోనని ఈసారి ఎదురుచూడనూ లేదు. స్టవ్ కట్టేసి, పోయి ఆయన పక్కన గడప మీద ఇరుక్కుని కూర్చుంది. ఆయన వీపు మీద చెయ్యి వేసింది. ఆ వీపు ఎగిసి పడుతుంటే చెయ్యి కూడా దాంతో పాటు కదిలింది. చాలాసేపటికి ఆయన ముక్కు తుడుచుకుని, “అన్నం మాడిందేమో చూడు” అన్నాడు.

“మాడలా. కట్టేసే వచ్చినా” అంది అనురాధ. చెయ్యి మాత్రం తీయలేదు.